రేనమ్ హాల్ బ్రౌన్ లేడీ: ఒక ఫోటో, ఒక పుకారు, ఒక ఇల్లాలు

వెడల్పాటి మెట్లు. వాటి మీద నుంచి దిగివస్తున్నట్టు, ముసుగు వేసుకున్న ఒక తెల్లటి ఆకారం. మొహం లేదు, చేతులు తెలియడం లేదు, పాదాలు కనపడవు. ఆకారం గుండా వెనక ఉన్న మెట్లు కనిపిస్తుంటాయి. దెయ్యాల గురించిన వీడియోలు చూసే అలవాటున్నవాళ్ళకి ఈ ఫోటో ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. దెయ్యం ఫోటోల్లో దీనికి ఉన్నంత పేరు మరో దానికి లేదు. దీన్ని 1936 సెప్టెంబర్ 19న ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో, రేనమ్ హాల్ అనే పాత జమీందారీ భవనంలో తీశారు. అందులో ఉన్నది 'బ్రౌన్ లేడీ' అంటారు. సుమారు మూడు వందల ఏళ్ళ కిందట ఆ ఇంటి యజమాని భార్యగా బతికి చనిపోయిన డొరతీ వాల్‌పోల్ అన్నమాట.

ఫోటో తీసింది లండన్‌లో పనిచేసే ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, కెప్టెన్ హ్యూబర్ట్ ప్రోవాండ్, ఇండ్రె షైరా. షైరా చెప్పిన ప్రకారం, మధ్యాహ్నం నాలుగు గంటల ప్రాంతంలో వాళ్ళు మెట్ల ఫోటో ఒకటి తీసి రెండోదానికి సిద్ధమవుతున్నారు. ప్రోవాండ్ తల కెమెరా వెనక నల్లగుడ్డ కింద ఉంది. అప్పుడు మెట్ల మీద ఆవిరిలాంటిదేదో మెల్లగా ఆడమనిషి రూపం కట్టి దిగి రావడం షైరా చూశాడు. త్వరగా తియ్యమని కేక వేశాడు. ప్రోవాండ్ లెన్స్ మూత తీశాడు, షైరా ఫ్లాష్ వెలిగించాడు. గుడ్డ కింద నుంచి బయటికొచ్చిన ప్రోవాండ్‌కి మెట్ల మీద ఏమీ కనపడలేదు. నువ్వు భ్రమపడ్డావు అన్నాడు. తీరా బొమ్మ పడిన గాజు ప్లేటుని రసాయనంలో కడిగి చూస్తే ఆకారం ఉంది. డిసెంబర్ 26న 'కంట్రీ లైఫ్' పత్రిక దాన్ని వేసింది. అప్పుడే కొత్తగా మొదలైన అమెరికన్ పత్రిక 'లైఫ్' 1937 జనవరి 4న వేసింది. అంతే, ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది.

దీన్ని గురించి ఎవరు మాట్లాడినా "నిజమా, అబద్ధమా" అనే ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. నిజానికి ఇక్కడ ముడిపడి ఉన్నవి మూడు వేర్వేరు విషయాలు. డొరతీకి ఏం జరిగింది అనేది ఒకటి, అది 18వ శతాబ్దం మాట. ఆ ఇంట్లో దెయ్యాన్ని చూశామన్నవాళ్ళు ఏం చెప్పారు అనేది రెండోది, అది 19వ శతాబ్దం మాట. ఫోటోలో ఉన్నదేమిటి అనేది మూడోది, అది 1936 నాటిది. ఫోటోని నమ్మించడానికి పాత సాక్ష్యాలు చూపిస్తారు. సాక్ష్యాలను నమ్మించడానికి డొరతీ కష్టాలు చూపిస్తారు. డొరతీని భర్త బంధించాడనడానికి మళ్ళీ దెయ్యాన్నే రుజువుగా చూపిస్తారు. ఒకదాని బరువు ఇంకొకదాని మీద వేసి మూడింటినీ నిలబెట్టారు. ఎవరి బరువు వాళ్ళనే మోయమంటే ఏది నిలుస్తుందో చూడాలి.

డొరతీ ఎవరు

రేనమ్ హాల్ టౌన్‌షెండ్ కుటుంబానిది. 1619లో సర్ రోజర్ టౌన్‌షెండ్ కట్టడం మొదలుపెట్టాడు. మన కథకు కావలసినవాడు ఆ వంశంలో తర్వాత వచ్చిన చార్లెస్, రెండో వైకౌంట్ టౌన్‌షెండ్. విదేశ వ్యవహారాలు చూసిన పెద్ద మంత్రి. పదవి వదిలాక ఊరికొచ్చి వ్యవసాయం మీద పడ్డాడు. గోధుమ, టర్నిప్ దుంప, బార్లీ, క్లోవర్ గడ్డి వంతుల వారీగా వేసే పంట మార్పిడిని ప్రచారం చేసి 'టర్నిప్ టౌన్‌షెండ్' అని పేరు తెచ్చుకున్నాడు. అమెరికా విప్లవం పాఠంలో టౌన్‌షెండ్ చట్టాలు చదువుకున్నవాళ్ళకి ఆ ఇంటిపేరు గుర్తుండే ఉంటుంది. ఆ చట్టాల చార్లెస్ ఈయన మనవడే. మనకు ఇంకా దగ్గరి చుట్టరికం కూడా ఉంది. శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చిన గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ఈయన కూతురి కొడుకు. 1802 తర్వాత సర్కారు జిల్లాల్లో జమీందారీలు పాతుకుపోయింది ఆ పద్ధతి మీదే. కార్న్‌వాలిస్ తల్లి మొదటి భార్య సంతానం కాబట్టి డొరతీ ఆమెకు సవతి తల్లి అవుతుంది.

డొరతీ 1686లో రేనమ్‌కి దగ్గర్లోనే ఉన్న హాటన్‌లో పుట్టింది. బ్రిటన్ తొలి ప్రధానమంత్రిగా చెప్పుకునే రాబర్ట్ వాల్‌పోల్ ఆమె అన్న. టౌన్‌షెండ్ మొదటి భార్య 1711లో చనిపోయింది. 1713లో డొరతీని పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి ఆమెకు 26 ఏళ్ళు. 1726 మార్చి 29న, 39 ఏళ్ళ వయసులో చనిపోయింది. కారణం మశూచి అని నమోదైంది.

ఇక పుకారు ఇది. పెళ్ళికి ముందో తర్వాతో డొరతీకి లార్డ్ వార్టన్‌తో సంబంధం ఉందట. వార్టన్ రాజకీయాల్లో ఎంత పేరున్నవాడో ఆడవాళ్ళ విషయంలో అంత చెడ్డపేరున్నవాడు. సంగతి తెలిసిన టౌన్‌షెండ్ భార్యను గదిలో పెట్టి తాళం వేశాడట, పిల్లల్ని కూడా చూడనివ్వలేదట. ఆమె మెట్ల మీద నుంచి పడి మెడ విరిగి చనిపోయిందని కొందరు, తిండి లేక చనిపోయిందని కొందరు, గుండె పగిలి చనిపోయిందని కొందరు అంటారు. మశూచి అనేది పైకి చెప్పిన మాట అంటారు.

ఒక చావుకి ఇన్ని కారణాలు చెబుతున్నారంటే, చెప్పేవాళ్ళలో ఎవరి దగ్గరా సమాచారం లేదని అర్థం. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. వార్టన్ 1715లోనే చనిపోయాడు, అంటే ఆమె పెళ్ళయిన రెండేళ్ళకే. ఆ తర్వాత డొరతీ పదకొండేళ్ళు బతికింది. ఆ పెళ్ళిలో ఆమెకు కనీసం ఆరుగురు పిల్లలు పుట్టారు. వాళ్ళలో ఎక్కువమంది వార్టన్ పోయాక పుట్టినవాళ్ళే. మొహం చూడనని గదిలో పడేసిన భార్యతో వరసగా పిల్లల్ని కనే భర్తను ఊహించుకోవడం కష్టం.

ఇంకో సంగతి ఉంది, నా దృష్టిలో ఇదే పెద్దది. 1721 నుంచి రాబర్ట్ వాల్‌పోల్ దేశాన్ని నడిపిస్తున్నాడు. టౌన్‌షెండ్ ఆయన మంత్రివర్గంలోనే ఉన్నాడు. ఇద్దరి ఎస్టేట్లూ ఇరుగుపొరుగు. బావామరుదుల బంధానికి మధ్యలో నిలిచిన మనిషి డొరతీ. ఆమె పోయాక ఆ పొత్తు సడలిపోయింది. పక్కనే వాల్‌పోల్ కట్టించుకున్న హాటన్ హాల్ మీద ఈర్ష్య, విదేశాంగ విధానంలో పేచీలు అన్నీ పెరిగి 1730లో టౌన్‌షెండ్ రాజీనామా చేశాడు. ఆమె బతికున్నప్పుడు నిలిచి, పోయాక విరిగిన పొత్తు ఇది. ప్రధానమంత్రి చెల్లెల్ని పక్క ఊళ్ళో ఏళ్ళ తరబడి బంధించి ఉంటే ఆ ఇద్దరూ అన్నేళ్ళు కలిసి రాజ్యం ఏలేవాళ్ళా?

అయితే నిప్పు లేకుండా పొగ రాలేదు. లేడీ మేరీ వర్ట్‌లీ మాంటెగ్యూ అని ఆ కాలపు రచయిత్రి ఉంది. మశూచికి టర్కీలో వేసే టీకా పద్ధతిని 1721లో లండన్‌లో తన కూతురికి వేయించి ఇంగ్లండ్‌కి పరిచయం చేసింది ఆవిడే. ఆమెకు డొరతీతో పరిచయం ఉంది. ఆ ఇంట్లో చెప్పుకున్న కబుర్లను ఆమె మనవరాలు రాసి 1837లో అచ్చు వేయించింది. వాటిని బట్టి చూస్తే డొరతీ పెళ్ళికి ముందు ఒకసారి వార్టన్ ఇంట్లో, ఆయన భార్య దగ్గర తలదాచుకుంది. ఆ ఇంటికున్న పేరు వల్ల అది ఆమెకు అప్రతిష్ట తెచ్చింది. పెళ్ళికాని పిల్ల చెయ్యకూడని పొరపాటుగా లోకం చూసిన ఆ చిన్న సంగతి, నోళ్ళు మారి మారి, పెళ్ళైన స్త్రీ వ్యభిచారమైంది, తర్వాత తాళం వేసిన గది అయింది, తర్వాత హత్య అయింది. టీకా వచ్చిన ఐదేళ్ళకి అదే జబ్బుతో చనిపోయిన మనిషి గురించి మనకు మిగిలింది ఈ మాటలే. ఇది నాకు బాధగా ఉంటుంది. భార్యను హింసించాడన్న నింద టౌన్‌షెండ్ మీద, చెడిందన్న నింద డొరతీ మీద, రెండూ ఆధారం లేకుండానే పడ్డాయి.

చూశామన్నవాళ్ళు

డొరతీ పోయిన నూట తొమ్మిదేళ్ళకు, 1835 క్రిస్మస్‌కి, రేనమ్‌లో లార్డ్ చార్లెస్ టౌన్‌షెండ్ విందుకి పిలిచాడు. వచ్చినవాళ్ళలో బంధువైన కల్నల్ లాఫ్టస్, హాకిన్స్ అనే ఇంకో అతిథి ఉన్నారు. రాత్రి పడుకోవడానికి వెళ్తుంటే పాతకాలపు గోధుమరంగు గౌనులో ఒక స్త్రీ కనిపించిందని వాళ్ళు చెప్పారు. మర్నాడు సాయంత్రం లాఫ్టస్‌కి మళ్ళీ కనిపించింది. వెలుగుతున్న మొహంలో కళ్ళు ఉండాల్సిన చోట చీకటి గుంటలు ఉన్నాయన్నాడు. ఈ సంగతి మనకు వాళ్ళ చేతిరాతలో రాలేదు. లూసియా స్టోన్ అనే ఆవిడ రాయగా వచ్చింది.

రెండో కథ ఇంకా రంజుగా ఉంటుంది. దాని నాయకుడు కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్, నౌకాదళంలో పనిచేసి సముద్ర నవలలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. ఆ చుట్టుపక్కల దొంగసరుకు చేరవేసేవాళ్ళే జనాన్ని భయపెట్టడానికి దెయ్యం నాటకం ఆడుతున్నారని ఆయన అనుమానం. అందుకని దెయ్యం తిరిగే గదిలో, గోడకున్న డొరతీ చిత్రం ఎదురుగా, తానే పడుకుంటానన్నాడు. మూడో రాత్రి ఇంటి యజమాని బంధువులైన కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి, లండన్ నుంచి వచ్చిన తుపాకీ చూడమని పిలిచారు. వెళ్ళి తిరిగొస్తుంటే వసారాలో దీపం పట్టుకుని ఒక స్త్రీ ఎదురొచ్చింది. ముగ్గురూ ఒక తలుపు వెనక నక్కారు. ఆమె వాళ్ళ ముందుకొచ్చి ఆగి, దీపం మొహం దగ్గరికి ఎత్తి పాపిష్టి నవ్వు నవ్విందట. మారియట్ చేతిలోని పిస్తోలు పేల్చాడు. ఆకారం మాయమైంది. గుండు ఎదుటి గది తలుపులోంచి దూసుకెళ్ళి లోపలి తలుపులో దిగింది.

చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఇది చెప్పింది మారియట్ కాదు, ఆయన కూతురు ఫ్లోరెన్స్. ఆమె 1833లో పుట్టింది. సంఘటన 1836లో జరిగిందంటారు, అంటే అప్పటికి మూడేళ్ళ పిల్ల. అచ్చులో పెట్టింది 1891లో, తండ్రి చనిపోయిన నాలుగు దశాబ్దాల తర్వాత. అది కూడా చనిపోయినవాళ్ళు మనతో మాట్లాడతారని నిరూపించడానికి రాసిన పుస్తకంలో. ఇంటి యజమానిని ఆమె 'సర్ చార్లెస్' అని రాసింది, అది ఆయన బిరుదు కాదు. తండ్రి చేతిలో రివాల్వర్ ఉందని రాసింది. 1836 అంటే శామ్యూల్ కోల్ట్ రివాల్వర్‌కి అప్పుడే పేటెంట్ తెచ్చుకున్న కాలం. తిరిగే గొట్టాల పిస్తోళ్ళు అంతకుముందే ఉన్నాయి కాబట్టి ఇదొక్కటే పట్టుకుని కొట్టిపారెయ్యలేం. కానీ 1891లో ఉన్న మనిషి తన కాలపు వస్తువుల్ని తండ్రి కాలంలోకి తీసుకెళ్ళిందని అనుమానించడానికి ఇది చాలు. ఆమె అబద్ధం చెప్పిందని నేను అనను. ఇంట్లో పదిసార్లు చెప్పుకున్న కథ ప్రతిసారీ కొంచెం నున్నబడుతుంది. అందులోనూ చెప్పే తండ్రి నవలా రచయిత, రాసే కూతురూ నవలా రచయిత్రే.

ఇంకొకటి గమనించాలి. మారియట్ పడుకోబోయే ముందే డొరతీ చిత్రాన్ని చూశాడు, ఆమె కథ విన్నాడు. 1835 అతిథులు కూర్చున్నది క్రిస్మస్ విందులో. చలి రాత్రుళ్ళు మంట చుట్టూ చేరి దెయ్యం కథలు చెప్పుకోవడం అక్కడ పండగలో భాగం. కొవ్వొత్తి వెలుగు, పొడుగాటి వసారాలు, అర్ధరాత్రి దాటినా పడుకోని చుట్టాలు. అలాంటి ఇంట్లో దూరంగా కదిలిన ఏ నీడకైనా పేరు ముందే సిద్ధంగా ఉంది.

ఫోటోలో ఏముంది

ఫోటో వ్యవహారంలో ముఖ్యంగా వినపడే నిపుణుడి పేరు హ్యారీ ప్రైస్. దెయ్యాల మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్న ఆయన, 1922లో విలియం హోప్ అనే 'ఆత్మల ఫోటోగ్రాఫర్' మోసాన్ని బయటపెట్టినవాడు కూడా. కాబట్టి ప్రోవాండ్‌నీ షైరానీ ప్రశ్నించి ఆయన చెప్పిన మాటకి బరువు వచ్చింది. వాళ్ళ కథని కదిలించలేకపోయానన్నాడు, నెగెటివ్‌లో ఏ చేతివాటమూ లేదన్నాడు, ఇద్దరూ కూడబలుక్కుని ఉంటే తప్ప ఇది నకిలీ కాదన్నాడు. ప్లేటుని రసాయనంలోంచి తీస్తున్నప్పుడు కింది అంతస్తులోని మందుల దుకాణం మనిషిని సాక్షిగా పిలిచామని షైరా చెప్పాడు.

ఈ రెండు హామీలూ గట్టివిగా కనిపిస్తాయి. కానీ ఏ దారిని మూస్తున్నాయో చూడండి. కడిగేటప్పుడు గానీ ఆ తర్వాత గానీ నెగెటివ్ మీద బొమ్మ గీశారేమో, గోకారేమో అన్న అనుమానాన్ని మాత్రమే అవి తీరుస్తాయి. ప్లేటు కెమెరాలో ఉండగానే దాని మీద రెండుసార్లు వెలుగు పడితే? అప్పుడు నెగెటివ్ పరిశుభ్రంగానే ఉంటుంది, ఎందుకంటే దానికి ఎవరూ ఏమీ చెయ్యలేదు. మందుల దుకాణం మనిషి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

ఆ రోజుల్లో కెమెరా పనితీరు గుర్తు తెచ్చుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. గాజు ప్లేటు కెమెరాలో పెట్టి, చీకటి ఇంట్లో కాబట్టి లెన్స్ మూత కొన్ని సెకన్లు తెరిచి ఉంచాలి. ఆ సెకన్లలో కెమెరా కొంచెం కదిలినా, తోలుతిత్తిలో చిన్న చిల్లు ఉండి వెలుగు చొరబడినా, లెన్స్ మీద జిడ్డు ఉన్నా, అదంతా ప్లేటు మీద పడుతుంది. ఒక ఫోటో తీసిన ప్లేటునే మార్చకుండా మళ్ళీ తీస్తే రెండు దృశ్యాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. 1860లలో బోస్టన్‌లో విలియం మమ్లర్ చనిపోయిన బంధువుల ఫోటోలు తీస్తానని సొమ్ము చేసుకున్నది ఇలాంటి పద్ధతితోనే అని చాలామంది నమ్ముతారు.

ఇప్పుడు రేనమ్ ఫోటోని పెద్దది చేసి, దెయ్యాన్ని వదిలేసి మెట్లని చూడండి. ప్రతి మెట్టు అంచుకీ పైన సన్నగా ఇంకో పాలిపోయిన గీత ఉంది. కుడివైపు చేతిపిడి పైభాగంలో పడిన వెలుగు మచ్చ కొంచెం పక్కకి జరిగి రెండుసార్లు కనపడుతుంది. మెట్లు కదలవు, చేతిపిడి కదలదు. అవి రెండేసి కనపడుతున్నాయంటే, కొద్దిగా జరిగిన కెమెరా ఆ ప్లేటు మీద ఆ మెట్లని రెండుసార్లు చూసిందని అర్థం. ఇది ఆకారం గురించి వాదించేవాళ్ళ ఇష్టాయిష్టాలతో పనిలేని గుర్తు. మొదటి ఫోటో తీశాక రెండోదానికి సిద్ధమవుతున్నామని షైరా స్వయంగా చెప్పిన మాట దీని పక్కన పెట్టి చదవాలి.

మరి ఆ తెల్లటి ఆకారం? చర్చిల్లో ఉండే మేరీమాత విగ్రహానికి, ముసుగుతో సహా, దగ్గరగా ఉందని కొందరు పోలిక చూపారు. కావాలని కలిపారన్నమాట. లెన్స్ జిడ్డూ, చొరబడిన వెలుగూ కలిసి అలా వచ్చిందని మరికొందరు. మొదటిదైతే మోసం, రెండోదైతే ప్రమాదం. ఈ రెండింట్లో ఏదో తేల్చడానికి ఫోటో ఒక్కటే చాలదు. రెండు వెలుగులు పడ్డాయన్నంతవరకు మాత్రం నాకు సందేహం లేదు.

సందర్భం కూడా చూడాలి. ఆ ఇంటి మార్కియోనెస్ (ప్రభువు భార్యకుండే బిరుదు) గ్వ్లాడిస్ టౌన్‌షెండ్ మరొకరితో కలిసి దెయ్యం కథల సంపుటం తెచ్చింది అదే 1936లో. బ్రౌన్ లేడీ మాట అప్పటికే మళ్ళీ జనం నోట్లో ఉంది. ఫోటో అచ్చయింది క్రిస్మస్ మర్నాడు. 1835 విందు కూడా క్రిస్మస్‌దే కదా. అలాంటి కథలు అడిగి మరీ చదివే వారం అది.

అన్నింటికన్నా తేలికగా కనపడాల్సిన తేడాని ఎవరూ పట్టించుకోరు. లాఫ్టస్ చూసినదానికి గోధుమరంగు గౌను, వెలిగే మొహం, గుంటకళ్ళు ఉన్నాయి. మారియట్ చూసినదానికి దీపం ఉంది, నవ్వు ఉంది. ఫోటోలో ఉన్నదానికి మొహమే లేదు, గౌను తెల్లటి పొగలా ఉంది, ఫోటో నలుపు తెలుపు కాబట్టి రంగు చెప్పలేం. ఈ మూడు వర్ణనలూ ఒకే మనిషివి అనడానికి ఉన్న ఆధారం ఇల్లు ఒక్కటే. రేపు ఎవరైనా ఆ ఫోటో నిఖార్సైనదని రుజువు చేసినా, అందులో ఉన్నది డొరతీ అని చెప్పడానికి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

గది తాళం ఎందుకు నమ్మబుద్ధేసింది

ఇంత బలహీనమైన పుకారు రెండు శతాబ్దాలు ఎలా బతికిందంటే, వినేవాళ్ళకి అది జరగగలిగిన పనిలా అనిపించింది కాబట్టి. డొరతీ కాలంలో ఇంగ్లిష్ చట్టం ప్రకారం పెళ్ళైన స్త్రీకి భర్తతో వేరుగా ఉనికే లేదు. ఆస్తి ఆయనది, పిల్లలు ఆయనవాళ్ళు. విడిపోయిన తల్లి తన చిన్న పిల్లల కోసం కోర్టుని అడగడానికి తొలి చట్టం 1839లో వచ్చింది. భార్య ఆస్తి భార్య పేరున ఉండడానికి 1870, 1882 చట్టాలు రావాల్సి వచ్చింది. భార్యను ఇంట్లో నిర్బంధించే హక్కు భర్తకు ఉందా లేదా అన్నది 19వ శతాబ్దం చివరి దాకా తేలనే లేదు.

అది తేలింది 1891లో, ఫ్లోరెన్స్ మారియట్ పుస్తకం వచ్చిన సంవత్సరమే. లాంకషైర్‌లోని క్లిథరో అనే ఊళ్ళో, కాపురానికి రానన్న భార్యను చర్చి నుంచి బయటికొస్తుండగా భర్త మనుషుల్ని వెంటేసుకుని పట్టుకుపోయి బ్లాక్‌బర్న్‌లోని ఇంట్లో ఉంచాడు. బంధువులు కోర్టుకెళ్ళారు. కింది న్యాయమూర్తులు భర్త పక్షాన నిలిచారు. అప్పీలు కోర్టు మాత్రం భార్యను బంధించే హక్కు ఏ భర్తకీ లేదని చెప్పి ఆమెను విడిపించింది. జాక్సన్ కేసుగా అది చరిత్రలో నిలిచింది. దెయ్యం దీపం ఎత్తి నవ్వింది అని ఫ్లోరెన్స్ రాసింది చదివినవాళ్ళు, అదే ఏడాది పత్రికల్లో ఈ కేసు కూడా చదివారు. తీర్పు గెలిచి క్లిథరోకి తిరిగొచ్చిన ఆ భార్యను ఊరి జనం వీధిలో గేలి చేశారు.